డ్రోన్‌కు "స్వదేశీ" అన్న మాట అతుకుతుందా?

ఉపసంపాదకుడు: నిన్న ఒక శీర్షిక దిద్దుతూ ఆగిపోయాను. "నౌకాదళానికి స్వదేశీ డ్రోన్ దృష్టి-10" అని ఉంది. 2024 జనవరి 10న హైదరాబాద్‌లో అప్పటి నౌకాదళాధిపతి అడ్మిరల్ హరికుమార్ ఆవిష్కరించిన డ్రోన్ అది. తయారైంది ఇక్కడే. కానీ దాని మూలం ఇజ్రాయెల్‌కు చెందిన ఎల్బిట్ సంస్థ హెర్మెస్ 900. ఎల్బిట్‌తో కలిసి అదానీ సంస్థ 2018 చివర్లో ఇక్కడ కర్మాగారం తెరిచింది. మరి "స్వదేశీ" అనవచ్చా?

తెలుగు పంతులు: నేనైతే అనను. వంగ విభజన నాటి మాట అది. 1907లో బిపిన్ చంద్రపాల్ రాజమండ్రి వచ్చినప్పుడు స్వదేశీ అంటే పరాయి సరుకు ముట్టకపోవడం. పరాయి నమూనాతో చేసిన వస్తువుకు ఆ పేరే తగిలిస్తే ఎలాగండీ? "దేశీయంగా తయారైన" అనండి. "దేశీయ విమానాలు" అన్నప్పుడు అవి ఎవరు చేసినవని ఎవరూ అడగరు కదా.

పాత ఇంజినీరు: మాస్టారూ, రక్షణ కొనుగోళ్ల నియమాలు కూడా ఈ తేడా పాటిస్తాయి. రూపకల్పన, అభివృద్ధి, తయారీ మూడూ దేశంలో జరిగినవాటిది ఒక తరగతి, తయారీ మాత్రమే జరిగినవాటిది వేరు. స్వదేశీ అనదగ్గది తపస్ అనే డ్రోన్. బెంగళూరులో రూపుదిద్దుకుని 2016లో చిత్రదుర్గ దగ్గర ఎగిరింది. 30 వేల అడుగుల ఎత్తు, 24 గంటల ప్రయాణం కావాలని సైన్యం అడిగితే అందుకోలేకపోయింది. దృష్టి 36 గంటలు గాలిలో ఉండగలదని తయారీదారులు చెబుతున్నారు.

రైతుబిడ్డ: మా తోటలో అయితే దీన్ని "అంటు" అంటాం. వేరు మనది, కొమ్మ వేరే చెట్టుది. "అంటు డ్రోన్" అంటే సరి!

ఉపసంపాదకుడు: బాగుంది కానీ, అంటుమామిడిలో పండు కొమ్మ జాతిదే అవుతుంది కదండీ. టెంక మొక్క ఎవరిదని తినేవాళ్లు అడగరు. ఆ లెక్కన ఇది ఇజ్రాయెల్ పండే.

రైతుబిడ్డ: అంతే మరి. నీళ్లు పోసి పెంచేది మనం, కోసుకునేదీ మనమే. జాతి మాత్రం వాళ్లది.

తెలుగు పంతులు: పోలిక నాకు నచ్చింది, శీర్షికలో మాత్రం వద్దు. "అంటు" అనగానే అంటువ్యాధి గుర్తొస్తుంది. అన్నట్టు, "దృష్టి"కి వికృతి "దిష్టి" అని ఆ పేరు పెట్టినవారికి ఎవరైనా చెప్పారా? నల్ల దారం కట్టారో లేదో.

పాత ఇంజినీరు: పోనీ "మానవరహిత విమానం" అని రాసి తప్పించుకుంటే?

తెలుగు పంతులు: అదొక చిక్కు. నేల మీద కూర్చుని నడిపేవాడు మానవుడు కాడా? డ్రోన్ అనే ఉంచండి, ఆ మాట జనం నోట ఎప్పుడో స్థిరపడింది.

ఉపసంపాదకుడు: చివరికి "నౌకాదళానికి హైదరాబాద్ డ్రోన్" అని పెట్టాను. పోచంపల్లి చీర, గద్వాల చీర అన్నట్టు ఊరి పేరు చెప్పి ఊరుకున్నాను. ఎల్బిట్ మాట మొదటి పేరాలోనే వచ్చేలా చూశాను.

తెలుగు పంతులు: పోచంపల్లి చీర నమూనా పోచంపల్లిదేనండీ.