ఇంట్లో ఈ-లిక్విడ్ కలుపుకోవాలంటే పాళ్లు ఎంతెంత?

అడిగినవారు (బ్రాడీపేట, గుంటూరు): రోజుకు ఒక ప్యాకెట్ సిగరెట్లు కాలుస్తాను, తగ్గించుకుందామని చూస్తున్నా. మా బావ గల్ఫ్ నుంచి వచ్చినప్పుడు ఒక వేప్ (లిక్విడ్‌ను వేడిచేసి ఆ ఆవిరి పీల్చే ఈ-సిగరెట్) ఇచ్చి వెళ్లాడు. అందులో లిక్విడ్ అయిపోయింది. ఇంట్లో మెడికల్ షాపు గ్లిజరిన్ ఉంది, కేకుల్లో వేసే వెనిలా ఎసెన్స్ ఉంది, సూది లేని సిరంజీ, వంటింటి కాటా కూడా ఉన్నాయి. నికోటిన్ కోసం పొగాకు నానబెట్టి వడగడితే చాలని ఒకాయన అన్నాడు. ఏది ఎంత కలపాలో తెలిసినవాళ్లు చెప్పండి.

గవర్నర్‌పేట, విజయవాడ (మెడికల్ షాపు): తమ్ముడూ, పాళ్లు మాత్రం చెప్పను. ఎందుకో చెబుతా. ముందు నీ కాటా సంగతి. అది గ్రాము కంటే తక్కువ చూపించదు కదా? నికోటిన్ లెక్క మిల్లీగ్రాముల్లో ఉంటుంది. పైగా గ్లిజరిన్ నీళ్లలాంటిది కాదు, 100 మి.లీ. తూకం వేస్తే దాదాపు 126 గ్రాములు వస్తుంది. చుక్కలు లెక్కపెడదామంటే చిక్కటి ద్రవం చుక్క ఒక్కోసారి ఒక్కో సైజులో పడుతుంది.

ఇక ఎసెన్స్. సీసా వెనక్కి తిప్పి చదువు. కొన్నింట్లో చక్కెర, రంగు ఉంటాయి, కొన్ని నూనెలో కరిగే రకం. కడుపులోకి వెళితే అరిగిపోయేది ఊపిరితిత్తుల్లోకి వెళితే అరగదు. నూనె ఆవిరి లోపలికి పోతే ఒక రకం న్యుమోనియా వస్తుంది. 2019లో అమెరికాలో వేప్ చేసిన కుర్రాళ్లు వరసపెట్టి ఆసుపత్రుల్లో చేరారు. ఎక్కువ కేసుల్లో బయటపడింది విటమిన్ ఇ ఎసిటేట్. ఒంటికి రాసుకునే క్రీముల్లో వేసే నూనె లాంటి పదార్థమే అది. 2020 ఫిబ్రవరి నాటికి అక్కడ లెక్కకు వచ్చిన మరణాలు 68.

గ్లిజరిన్ ఒక్కటే పోసినా, వేప్ లోపల లిక్విడ్‌ను కాచే తీగచుట్ట (కాయిల్) మరీ వేడెక్కితే ఆక్రోలిన్ పుడుతుంది. మూకుడులో నూనె మాడితే కళ్లు మండించే ఘాటు ఉంటుంది చూడు, అదే.

వినుకొండ వైపు రైతు: పొగాకు నానబెట్టమన్న మహానుభావుడెవరో గానీ, మేం ఆ కషాయం కాచి పంట మీద పురుగుకు కొడతాం. అది తాగే సరుకూ కాదు, పీల్చే సరుకూ కాదు. తెల్లారుజామున మంచు తడి ఆరకముందే ఆకు విరిస్తే, ఆ తడిలో నికోటిన్ దిగి చర్మంలోంచే ఒంట్లోకి ఎక్కుతుంది. తల తిరుగుతుంది, వాంతులవుతాయి. కొత్తగా వచ్చిన కూలీలకు మరీను. ఆకును బట్టి ఘాటు మారుతుంది, ఏ గిన్నెలో ఎంత దిగిందో ఎవడికి తెలుసు? సిరంజీతో కొలిచి ఏం లాభం?

బెంజ్ సర్కిల్ (అడ్వకేటు): ఒక్క మాట. 2019 చట్టం ప్రకారం దేశంలో ఈ-సిగరెట్ల తయారీ, అమ్మకం, దిగుమతి, నిల్వ, ప్రకటన అన్నీ నిషేధం. నికోటిన్ ఉన్నా లేకపోయినా ఒకటే. తయారీకి మొదటిసారి ఏడాది వరకు జైలు గానీ, లక్ష రూపాయల వరకు జరిమానా గానీ, రెండూ గానీ పడవచ్చు. పొగాకు బోర్డు ప్రధాన కార్యాలయం ఉన్న మీ గుంటూరులోనే కూర్చుని కిళ్లీ కొట్టులో సిగరెట్ దొరుకుతుంటే ఇదేం న్యాయమని మీరు అడగవచ్చు. ఆ వాదన నాకూ ఉంది, కానీ కేసు పడితే అది అక్కరకు రాదు.

అడిగినవారు: సరే అన్నా, లిక్విడ్ ఆలోచన పక్కన పెట్టా. మరి సిగరెట్ ఎలా మానాలి? సిగరెట్ మానడానికి ఇచ్చే నికోటిన్ చూయింగ్ గమ్ ఒకసారి నమిలాను, వెక్కిళ్లు, గొంతు మంట. పారేశా.

గవర్నర్‌పేట: బబుల్ గమ్‌లా నమిలి ఉంటావు, అందుకే. మా షాపుకొచ్చేవాళ్లలో ఎక్కువమంది చేసేదీ అదే. నికోటిన్ గమ్‌ను మెల్లగా నాలుగైదుసార్లు కొరకాలి. నోట్లో చురుక్కుమనగానే ఆపి, బుగ్గకూ చిగురుకూ మధ్య పెట్టి ఉంచాలి. చురుకు తగ్గాక మళ్లీ కొరకాలి. ఇలా అరగంట. ఉమ్మిని గబగబా మింగితే వెక్కిళ్లు వస్తాయి, పని కూడా చేయదు. 2 మిల్లీగ్రాములది మామూలుగా దొరుకుతుంది. లేచిన అరగంటలోపే మొదటి సిగరెట్ ముట్టించే అలవాటుంటే డాక్టర్‌ని అడుగు, 4 మిల్లీగ్రాములది అవసరం కావచ్చు. గుండె జబ్బుంటే అడగకుండా అసలు మొదలుపెట్టొద్దు. ఫోన్‌లో మాట్లాడాలనుకుంటే పొగాకు మానేవాళ్ల కోసం పెట్టిన హెల్ప్‌లైన్ 1800-11-2356 ఉంది, పైసా ఖర్చు లేదు.

అడిగినవారు: నాకు టీ, సిగరెట్ జంట. టీ తాగుతూ గమ్ వేసుకోవచ్చా?

గవర్నర్‌పేట: వద్దు. టీ, కాఫీ, కూల్‌డ్రింకు తాగాక పావుగంట ఆగు. నోట్లో పులుపు ఉంటే నికోటిన్ సరిగా ఎక్కదు. కొన్నాళ్లు టీ బంకు మార్చు, లేదా ఇంట్లోనే తాగు. ఆ వేప్‌ని చెత్తబుట్టలో వేయకు, లోపల లిథియం బ్యాటరీ ఉంటుంది, ఈ-వేస్ట్ తీసుకునేవాళ్లకివ్వు. అడుగున చుక్క మిగిలినా నికోటినే, పిల్లల చేతికి అందనివ్వకు.