చర్చ: బొగ్గుబాయి పని ఫాంటసీ కథల మరుగుజ్జులకు నామోషీనా?

ప్రాణహిత ఒడ్డు (సిరొంచ):
1937లో వచ్చిన టోల్కీన్ ఫాంటసీ నవల ‘ది హాబిట్’ మొదటి అధ్యాయంలోనే ఒక మాట ఉన్నది. డ్రాగన్ దెబ్బకు కొండ విడిచి ఊర్లు పట్టుకొని తిరిగినప్పుడు కమ్మరి పనికి, ఆఖరికి బొగ్గుగనుల పనికి కూడా దిగజారినమని మరుగుజ్జుల నాయకుడు థోరిన్ వాపోతడు. మహారాష్ట్రల చంద్రపూర్, బల్లార్షా, రాజురా దిక్కు ఎన్ని తెలుగు ఇండ్లు బొగ్గుబాయి మీద నిలబడ్డయో చెప్పనక్కర లేదు. ఆ చిన్నచూపు పాత్రదా, రచయితదా? రచయితదే అంట నేను. తర్వాత వచ్చిన ఫాంటసీలు చాలావరకు అదే దారి పట్టినయి. కిరీటం, గొడ్డలి, వజ్రాలు కనబడతయి. దీపంల నూనె పోసేటోడు కనబడడు.

రాజురా పాఠకుడు:
అన్నా, అది పాత్ర పొగరే. అదే అధ్యాయంలో ఇంకా ఏమంటాడో చూడండి: మనుషులు తమ కొడుకుల్ని పని నేర్పమని బతిమాలి అప్పజెప్పేవారట, కూలి ఎక్కువగా తిండి సరుకుల్లో ఇచ్చేవారట. తిండి పండించే బాధ వీళ్లు ఎన్నడూ పెట్టుకోలేదు. కొండ కింద మనుషుల ఊరు డేల్, అక్కడి బొమ్మల అంగడికి కథలోని ఉత్తరాదంతా పేరు. అప్పుడు ధర వీళ్లు చెప్పేవారు, బయటపడ్డాక అవతలివాడు చెప్పిన ధరకు చెయ్యాలి. ఏడుపు దానికి.

టోపీలైటు (బల్లార్షా):
పొగరు సంగతి పక్కన పెట్టున్రి, పని సంగతి చూద్దాం. గట్టిరాయి తవ్వినోడు బొగ్గు పొరలకు దిగితే మళ్లీ కొత్తగా నేర్వాలె. గట్టిరాతిల సొరంగం చాలాచోట్ల తనంతట తాను నిలబడ్తది. బొగ్గు మీద ఉండేది ఇసుకరాయి, పలకరాయి పొరలు. కర్రతో పైకప్పు తట్టి చూడాలె: ఖంగుమంటే గట్టిగున్నట్టు, డొల్లగ మోగితే పొర విడినట్టు. వెంటనే దుంగ నిలబెట్టి, తలమీద చెక్క పెట్టి, సందుల చీలిక కొట్టి బిగించాలె. బరువు మీద పడ్తుంటే కర్రదుంగ విరిగే ముందు చిటపటమంటది, ఆ చప్పుడే పారిపొమ్మని చెప్పుడు.

ఇగ గ్యాసు. గాలిల మీథేన్ 5 నుంచి 15 శాతం నడుమ ఉంటే నిప్పు తగిలితే పేలుతది. 1815ల మంట చుట్టూ జాలి ఉన్న డేవీ దీపం వచ్చినంక మంట మీద టోపీ లెక్క నీలం వెలుగు కనబడితే మీథేన్ ఉన్నదని, మంట కుంగి ఆరిపోతే ఊపిరికి గాలి చాలదని తెల్వవట్టింది. కార్బన్ మోనాక్సైడ్ అనే విషగాలిని మాత్రం ఆ దీపం పట్టియ్యది. కథలల్ల మరుగుజ్జులు దివిటీలు పట్టుకొని ఎక్కడబడితే అక్కడ తిరుగుతరు. ఆ తీరు బొగ్గుబాయిల ఒక్క షిఫ్టు నడవది.

కొలిమి చిట్టెం (చంద్రపూర్):
నా పేచీ వేరే. ఆ గొడ్డళ్లకు కట్టెబొగ్గు ఎవరు కాల్చారు? గనిబొగ్గుతో నేరుగా ఇనుము తీస్తే అందులోని గంధకం ఇనుముకెక్కి, ఎర్రగా కాల్చి సమ్మెట వేసినప్పుడు పగుళ్లిస్తుంది. కోక్‌తో, అంటే గాలి తగలకుండా కాల్చిన గనిబొగ్గుతో, ఇనుము తియ్యడం ఇంగ్లండులో 1709లో గానీ కుదరలేదు. కాబట్టి కత్తుల కాలపు కథలో అడవి ఉండాల్సిందే. మట్టిబట్టీలో కిలో కట్టెబొగ్గుకు ఎండుకట్టె సుమారు 5, 6 కిలోలు పోతుంది. కట్టెలు నిలబెట్టి పేర్చి, నడుమ పొగదారి వదిలి, పైన ఆకు, ఆపైన తడిమట్టి కప్పి, అడుగున బెజ్జాలు పెడతారు. మొదట తెల్లపొగ, అది నీటి ఆవిరి. పలచని నీలిపొగ రాగానే బెజ్జాలన్నీ మూసెయ్యాలి. రాత్రి ఎవరూ చూడనప్పుడు మట్టి బీటలిచ్చిందా, తెల్లారేసరికి మిగిలేది బూడిదే. చల్లారకముందు తెరిచినా అంటుకుంటుంది. ఇది కొండ లోపల చేసే పని కాదు, ఆ పొగకు జనం చస్తారు. అంటే కొండ బయట, అడవిలో, బట్టీల పక్కన మకాం వేసే మరుగుజ్జులు ఉండి తీరాలి. వాళ్లమీద ఒక్క అధ్యాయం ఉండదు.

రాజురా పాఠకుడు:
కథకు కట్టెల లెక్క ఎందుకండీ? యుద్ధం నడుస్తుంటే బట్టీ పొగ ఎవరు చదువుతారు?

కొలిమి చిట్టెం:
స్కాండినేవియా పురాణం చూడండి తమ్ముడూ. ఉరుముల దేవుడు థోర్ సుత్తి చేసేటప్పుడు మరుగుజ్జు కమ్మరి సింద్రి కొలిమిలో ఇనుము పెట్టి, తిత్తి ఆపొద్దని తోడబుట్టిన బ్రోక్‌కు చెప్పి బయటికి పోతాడు. మాయలమారి దేవుడు ‘లోకి’ ఈగై వచ్చి బ్రోక్ కనురెప్ప కుడతాడు, నెత్తురు కంట్లోకి కారుతుంది. తుడుచుకోవడానికి ఒక్క క్షణం చెయ్యి తీశాడు. సుత్తి పిడి పొట్టిదైపోయింది. కథంతా తిత్తి మనిషి మీదే నడిచింది.

రాజురా పాఠకుడు:
ఒక్క క్షణం, నాలుగు ముక్కల్లో. నేనన్నదీ అంతేగా.

ప్రాణహిత ఒడ్డు:
ఆ నాలుగు ముక్కలు కూడా రాస్తలేరనే కదా తమ్మీ నా గొడవ.

టోపీలైటు:
నీళ్ల సంగతి ఎవరూ ఎత్తలే. థోరిన్ వాళ్ల కొండల పుట్టిన ఏరు ముందుద్వారం నుంచే బయటికి పారుతది. ఆ మట్టానికి పైన ఎంత తవ్వినా కాలువ కొడితే చాలు, నీళ్లు వాటంతట అవే పోతయి. మన వార్ధా పక్కన బొగ్గు నేలకింద ఉంటది, ఊట నీళ్లను ఎత్తి పొయ్యాల్సిందే. పంపులు లేని కాలంల తోలుసంచి, గిరక, తాడు, మూడు పూటలు మనుషులు. ఒక్క పూట ఆగితే అన్నిటికన్నా ముందు మునిగేది అడుగు పని, అంటే బొగ్గు దొరికే చోటే. కొండ విడిచి మైదానంల బొగ్గు పనికి పోయిన మరుగుజ్జుకు ఈ తోడుడు పని కొత్త. ఎవరన్నా రాస్తే ఆ మొదటి వానకాలంతోని మొదలువెట్టున్రి.