అప్‌డేట్: హాస్టల్ గదిలో మిరప నారు మొదలు దగ్గర వాలిపోవడానికి కారణం తెలిసింది

గుంటూరులోని మా హాస్టల్ గది కిటికీ దగ్గర ట్రేలో పోసిన మిరప, టమాటా నారు మొలిచిన కొద్ది రోజులకే ఒక్కొక్కటిగా వాలిపోతోందని ఫిబ్రవరి చివర్లో ఇక్కడ అడిగాను. కాపర్ ఆక్సీక్లోరైడ్ (శిలీంధ్రనాశక మందు), వేపనూనె, ఎరువు, ఎల్ఈడీ బల్బు అంటూ రకరకాల సలహాలిచ్చిన వారందరికీ ధన్యవాదాలు.

వాలిన మొక్కలను మట్టితో సహా మా వృక్షశాస్త్రం మేడమ్ గారికి చూపించాను. ఆకులు ఇంకా పచ్చగానే ఉన్నా, మట్టిని ఆనుకున్న చోట కాండం నీరు పట్టినట్లు మెత్తబడి దారంలా సన్నబడటాన్ని ఆవిడ భూతద్దం కింద చూపి, ఇది నారుకుళ్లు తెగులని, తడి ఆరని మట్టిలో పిథియం వంటి సూక్ష్మజీవుల వల్ల వస్తుందని చెప్పారు. నర్సరీలో అమ్మిన ఆ ట్రేకు అడుగున రంధ్రాలే లేవు.

లీటరు నీటికి 3 గ్రాముల కాపర్ ఆక్సీక్లోరైడ్ కలిపి మొదళ్లు తడపమన్న సలహాతో మిగిలిన మొక్కలు నిలిచాయి; వాలినవి మాత్రం లేవలేదు. రెండోసారి విత్తనాలకు ట్రైకోడెర్మా (తెగుళ్లను అణిచే మేలు చేసే శిలీంధ్రం) పట్టించి, రంధ్రాలున్న ప్రోట్రేలో (చిన్న గుంటల నారు ట్రే) కొబ్బరిపొట్టు నింపి, పైపొర ఆరాకే నీళ్లు పోస్తూ పెంచిన నారులో తెగులు కనబడలేదు. కొందరు చెప్పిన వేపనూనె, ఎరువు ఈ తెగులుకు మందు కావు. ఎల్ఈడీ బల్బు సలహా వెలుతురు చాలక నారు కాండం సన్నగా సాగిపోతున్న వారికి పనికొస్తుంది గానీ, ఆ సమస్య వేరు. ప్రస్తుతం నాలుగు ఆకులు తొడిగిన నారును, వార్డెన్ గారి అనుమతితో, రోజూ ఉదయం కాసేపు డాబా మీది ఎండకు అలవాటు చేస్తున్నాను.