ఆష్విట్జ్ నుంచి బిర్కెనావ్‌కు: బస్సా, నడకా?

విస్తులా_తీరం:
పోలండ్‌లో ఉంటున్న మన తెలుగువాళ్ల మధ్య ఈ వాదన ప్రతి వేసవిలోనూ లేస్తుంది. ఊరి నుంచి అమ్మానాన్నలో స్నేహితులో వస్తారు. క్రాకోవ్ చూపించి, మర్నాడు ఆష్విట్జ్ తీసుకెళ్తాం, రెండో ప్రపంచ యుద్ధంలో నాజీలు యూదుల్ని చంపిన క్యాంపులు ఉన్న చోటు, ఇప్పుడు మ్యూజియం. ఇటుక భవనాలున్న మొదటి క్యాంపు చూశాక అందరూ ఫ్రీ షటిల్ బస్సు ఎక్కుతారు. సుమారు 3 కిలోమీటర్ల అవతల రెండో క్యాంపు, బిర్కెనావ్ గేటు దగ్గర దిగుతారు. నా అభిప్రాయం సూటిగా చెప్తున్నా. కాళ్లు సహకరించేవాళ్లు ఆ దూరం నడవాలి. బస్సులో వెళ్లినవాళ్లు ఆష్విట్జ్ సగమే చూసినట్టు.

ఎందుకంటే దారిలో పాత ర్యాంప్ ఉంది, అంటే రైళ్లలో తెచ్చినవాళ్లని దింపిన ప్లాట్‌ఫారం. బిర్కెనావ్ అనగానే అందరికీ గుర్తొచ్చేది ఆ గేటు, దాని కిందుగా లోపలికి పోయే పట్టాలు. ఆ పట్టాలు లోపలిదాకా వచ్చింది 1944 మేలో. అంతకుముందు, 1942 నుంచి, రైళ్లు ఆగింది రెండు క్యాంపుల మధ్య ఉన్న ఈ ర్యాంప్ దగ్గరే. ఫ్రాన్స్, నెదర్లాండ్స్, బెల్జియం, గ్రీస్ నుంచి తెచ్చిన యూదుల్ని ఇక్కడే దింపారు. పనికొచ్చేవాళ్లెవరో ఎస్‌ఎస్ (క్యాంపుల్ని నడిపిన నాజీ దళం) డాక్టర్లు ఇక్కడే ఏరారు. మిగతావాళ్లని నడిపించో, ట్రక్కుల్లో ఎక్కించో నేరుగా గ్యాస్ ఛాంబర్లకు పంపారు. ఇప్పుడక్కడ రెండు పాత గూడ్స్ పెట్టెలు నిలబెట్టి ఉన్నాయి. చెక్కలు ఎండకీ వానకీ నల్లబడిపోయాయి. ఇనుప అంచుల మీద ఎవరెవరో వచ్చి చిన్న చిన్న రాళ్లు పెట్టి వెళ్లారు, యూదులు సమాధుల మీద పెడతారే, అలా. నేను వెళ్లినప్పుడు అక్కడ ఇంకో మనిషి లేడు. గేటు దగ్గర మాత్రం ఇసకేస్తే రాలనంత జనం.

ఇంకో సంగతి. పక్కనే ఇళ్లు, పెరళ్లు, ఆరేసిన బట్టలు. జనం మధ్యే ఇదంతా జరిగిందని నడిస్తేనే తెలుస్తుంది.

చరిత్ర_పాఠకురాలు:
ర్యాంప్ గురించి మీతో ఏకీభవిస్తాను. ఇళ్ల గురించి మాత్రం ఒప్పుకోలేను అండి, అక్కడ మీ కళ్లు మిమ్మల్ని తప్పుదారి పట్టిస్తున్నాయి. 1941లో క్యాంపు చుట్టూ సుమారు 40 చదరపు కిలోమీటర్ల మేర ఎస్‌ఎస్ తన అధీనంలోకి తీసుకుంది. బ్జెజింకా, అంటే జర్మన్లు బిర్కెనావ్ అన్న ఊరు, దాని చుట్టుపక్కల పల్లెలు ఖాళీ చేయించారు. పోలిష్ రైతుల్ని వెళ్లగొట్టి, ఇళ్లు కూల్చి, ఆ ఇటుకలతోనే బిర్కెనావ్‌లో ఖైదీలుండే బ్యారక్‌లు కట్టారు. మీరు చూసిన పెరళ్లు యుద్ధం అయ్యాక వెనక్కి వచ్చినవాళ్లవి, వాళ్ల పిల్లలవి. ఊరు చూస్తూ ఊరుకుందని ఆ ఇళ్లని చూసి తీర్పు చెప్పడం అన్యాయం. అలా వెళ్లగొట్టబడ్డ కుటుంబాల వారసుల గుమ్మం ముందు నిలబడి మనం ఆ మాట అనుకుంటున్నామన్నమాట.

ఓష్వియెంచిమ్ పట్టణం (జర్మన్లు ఆష్విట్జ్ అన్నది దీన్నే) వేరు, అది ఖాళీ కాలేదు. అక్కడి యూదుల్ని మాత్రం 1941లోనే పంపించేశారు. యుద్ధానికి ముందు ఊళ్లో సగానికి పైగా వాళ్లే. నడవాలనుకుంటే ఆ పట్టణంలోనూ నడవండి, అక్కడ మిగిలిన ఒక్క సినగాగ్ (యూదుల ప్రార్థనా మందిరం) ఇప్పుడు ఊళ్లోని యూదు మ్యూజియంలో భాగం. ఆష్విట్జ్ వచ్చేవాళ్లలో ఎక్కువమంది అటువైపు తొంగి కూడా చూడరు.

ఏలూరు_కాలవ:
మా అమ్మని తీసుకెళ్లాను, మోకాళ్ల నొప్పులు. మొదటి క్యాంపులోనే సగం ఓపిక అయిపోయింది. ఆ బ్లాకుల్లో రాతి మెట్లు మధ్యలో అరిగి గుంటలు పడ్డాయి, ఒక్కో మెట్టు పట్టుకుని ఎక్కాలి. అయినా ఎక్కింది. చంపబడ్డవాళ్ల చెప్పుల గుట్ట ఉన్న గదిలో అద్దం దగ్గర చాలాసేపు నిలబడిపోయింది. చిన్నపిల్లల చెప్పులు కనిపించాయి, ఇక కదల్లేదు.

బిర్కెనావ్ అంటే దాదాపు 170 హెక్టార్లు. మన లెక్కలో 400 ఎకరాల పైమాటే. గేటు నుంచి కూల్చేసిన క్రిమటోరియాల (గ్యాస్ ఛాంబర్లు, శవాల్ని కాల్చిన కొలిమిలు ఉన్న భవనాల) దగ్గరికి పట్టాల పక్కన కిలోమీటరు నడవాలి, కంకర మీద, నీడ అన్నది లేకుండా. అసలు చూడాల్సింది అక్కడుంది. దారిలోనే ఓపిక అయిపోయి గేటు దగ్గరే కూలబడితే ఏం లాభం? నేను బస్సుకే ఓటు వేస్తా. మా అమ్మ సగం చూసిందంటే ఒప్పుకోను.

బెర్లిన్_బాబాయ్:
నా అభ్యంతరం ఓపిక గురించి కాదు. మనలో ఒక అలవాటు ఉంది. కాలినడకన వెళ్తేనే ఫలం అనుకుంటాం. తిరుమల మెట్లెక్కడం మొక్కు, అక్కడ దానికి అర్థం ఉంది. ఇక్కడ మొక్కు ఎవరికి? నడిచి అలిసిపోతే వాళ్ల బాధలో కాస్త పాలు పంచుకున్నట్టు మనసుకి అనిపిస్తుంది. అదే నాకు భయం.

1945 జనవరి మధ్యలో, సోవియట్ సైన్యం దగ్గరికి వస్తుంటే, సుమారు 56,000 మంది ఖైదీల్ని ఆష్విట్జ్ నుంచీ దాని ఉపక్యాంపుల నుంచీ మంచులో నడిపించారు. వెనకబడ్డవాళ్లని కాల్చేశారు. అక్కడ నడకే మనిషిని చంపే పద్ధతి. మంచి బూట్లు వేసుకుని, నీళ్ల సీసా పట్టుకుని, సాయంత్రం హోటల్‌కి పోయే మనం ఆ నేల మీద నడకని గొప్పగా చెప్పుకోవడం నాకు మింగుడు పడదు.

విస్తులా_తీరం:
బాబాయ్ గారూ, మీ మాటకి విలువిస్తూనే అడుగుతున్నా. 1988 నుంచి మార్చ్ ఆఫ్ ద లివింగ్ పేరుతో వేలమంది ఈ 3 కిలోమీటర్లే నడుస్తున్నారు కదా? హోలోకాస్ట్ (నాజీలు చేసిన యూదుల మారణకాండ) సంస్మరణ దినాన, ఆష్విట్జ్ గేటు నుంచి బిర్కెనావ్‌కి. బతికి బయటపడ్డవాళ్లే చక్రాల కుర్చీల్లో కూడా వచ్చారు. నడకే అపచారమైతే వాళ్లెందుకు దాన్ని ఎంచుకుంటారు? నేను బాధ పంచుకోమనడం లేదు. ర్యాంప్ చూడమంటున్నా. బస్సు అక్కడ ఆగదు.

బెర్లిన్_బాబాయ్:
వాళ్లకి ఆ హక్కుంది. తమవాళ్లని చావుకి నడిపించిన చోట తాము బతికే ఉన్నామని చెప్పడానికి నడుస్తారు. మనం చెప్పాల్సింది అది కాదు. మనం వెళ్లేది తెలుసుకోవడానికి. ర్యాంప్ చూడ్డానికి నడుస్తానంటే నాకే అభ్యంతరం లేదు. ‘బస్సెక్కినవాళ్లు సగమే చూసినట్టు’ అనే మాట తీసేయండి, చాలు.

రాత్రి_షిఫ్ట్:
పిల్లల సంగతి ఎవరూ ఎత్తలేదు. 14 ఏళ్లలోపు వాళ్లని తీసుకురావద్దని ఆష్విట్జ్ మ్యూజియమే సలహా ఇస్తుంది. నడకా బస్సా అన్నది తర్వాత, ముందు అది చూసుకోండి. ఇంకోటి, 2019లో పట్టాల మీద బ్యాలెన్స్ చేస్తూ ఫొటోలు దిగొద్దని మ్యూజియం ట్విట్టర్‌లో బతిమాలుకోవాల్సి వచ్చింది. మనవాళ్ల గ్రూపుల్లో కూడా అలాంటి ఫొటోలు చూశాను. చూసి చాలా బాధేసింది.

చరిత్ర_పాఠకురాలు:
గైడ్ టూర్‌లో ఉన్నవాళ్లు మధ్యలో గుంపు వదిలి నడవడం కుదరదు, గైడ్ మీ కోసం ఆగరు. బస్సులోనే బిర్కెనావ్ వెళ్లి, టూర్ అయ్యాక తిరిగి వచ్చేటప్పుడు నడవండి. బిర్కెనావ్ గేటు నుంచి ర్యాంప్ దాదాపు కిలోమీటరు. ఏలూరు_కాలవ గారి అమ్మగారిలాంటి వాళ్లయితే గేటు దగ్గర ట్యాక్సీ మాట్లాడుకుని ర్యాంప్ దగ్గర కాసేపు ఆపించుకోవచ్చు. అది చూడ్డానికి నడకే అక్కర్లేదు.

విస్తులా_తీరం:
ట్యాక్సీ ఆలోచన బాగుంది, పెద్దవాళ్లతో వచ్చేవాళ్లకి ఇకనుంచి అదే చెప్తాను. ‘సగం’ అన్న మాట మాత్రం తీయను బాబాయ్ గారూ. 1944 మే దాకా రైళ్లు ఆగిన చోటు చూడకుండా, ఆ తర్వాత పట్టాలు వేసిన చోటే చూసి వెనక్కి రావడాన్ని ఇంకేమనాలో నాకు తెలియడం లేదు. బస్సులో వెళ్లారా, నడిచారా అన్నది పక్కన పెట్టండి. ర్యాంప్ చూశారా లేదా, నేనడిగేది అంతే.