హమ్ (మోత) పోవాలంటే సబ్‌వూఫర్ ఎర్త్ తీసేయొచ్చా?

నల్గొండ_శ్రోత:
హాల్లో ఏవీ రిసీవర్ (స్పీకర్లకి శబ్దం పంచే ఆంప్లిఫైయర్), టీవీ రెండూ రెండు పిన్నులవే. సబ్‌వూఫర్‌కి (బేస్ స్పీకరుకి) మాత్రం మూడు పిన్నుల ప్లగ్గు. లోకల్ కేబుల్ సెట్‌టాప్ బాక్సు రిసీవర్‌కి కలిపి ఉంది. పాట ఆపినా సబ్‌వూఫర్‌లోంచి ఒకటే మోత, రిసీవర్ వాల్యూమ్ సున్నా చేసినా తగ్గదు. ఎలక్ట్రీషియన్ వచ్చి సబ్‌వూఫర్ ప్లగ్గులో ఎర్త్ వైరు విప్పేశాడు, మోత ఠక్కున ఆగింది. మా బావగారేమో అది ప్రమాదం, వెంటనే బిగించమంటున్నారు. ఎవరి మాట వినాలి?

గోదారి_బాస్:
విప్పడంలో తప్పేముందండీ? మా ఇంట్లో ఏళ్లుగా అలాగే నడుస్తోంది. పాత ఇళ్లలో చాలావాటికి అసలు ఎర్తింగే ఉండదు. టీవీకి రెండు పిన్నులు సరిపోయినప్పుడు సబ్‌వూఫర్‌కి ఎందుకు సరిపోవు?

బెజవాడ_వైరింగ్:
గోదారి గారూ, ఆ పోలిక కుదరదండీ. మీ టీవీ వెనక చూడండి, ఒక చతురస్రంలో ఇంకో చతురస్రం గుర్తు ఉంటుంది. అంటే డబుల్ ఇన్సులేషన్. లోపల ఫేజు వైరు ఊడినా చేతికి తగిలే లోహం దాకా రాకుండా రెండు పొరల రక్షణ అన్నమాట. మూడు పిన్నుల సబ్‌వూఫర్‌కి ఆ రెండో పొర లేదు, దాని బదులే ఎర్త్. ఫేజు బాడీకి తగిలిన క్షణంలో ఎర్త్ గుండా భారీగా కరెంటు పారి ఎంసీబీ (కరెంటు మితిమీరితే ఆపేసే స్విచ్చు) పడిపోవాలి. ఎర్త్ లేకపోతే 230 వోల్టులు వెనకున్న లోహపు పలక మీదే ఉండిపోతాయి. అక్కడితో ఆగదు, సబ్‌వూఫర్‌కి సిగ్నల్ తెచ్చే ఆర్‌సీఏ కేబుల్ లోహపు తొడుగు గుండా రిసీవర్ బాడీకీ, సెట్‌టాప్ బాక్సుకీ పాకుతుంది. పిల్లలు తిరిగే ఇల్లయితే దయచేసి ఈ పూటే బిగించండి.

గోదారి_బాస్:
భద్రత సంగతి సరే. కానీ ఎర్త్ తీయగానే మోత ఆగిందంటే దోషం ఎర్త్‌లో ఉన్నట్టే కదా?

ఎల్పీ_అభిమాని:
ఎర్త్‌లో లేదండీ, దానికి రెండు దారులు ఏర్పడటంలో ఉంది. కేబుల్ టీవీ వైరు లోహపు తొడుగు వీధిలో ఎక్కడో నేలకి కలుస్తుంది. సబ్‌వూఫర్ మీ ఇంటి ఎర్త్‌కి కలుస్తుంది. ఆ రెండు చోట్లా వోల్టేజీ ఒక్కలా ఉండదు. తేడా కొంచెమే అయినా బాక్సు, రిసీవర్, ఆర్‌సీఏ తొడుగు మీదుగా 50 హెర్ట్జ్ (సెకనుకి 50 సార్లు ఊగే) కరెంటు పారుతుంది. సిగ్నల్ తిరుగుదారి కూడా ఆ తొడుగే గనక మోత సిగ్నల్లో కలిసిపోతుంది. వాల్యూమ్ నాబ్ దాటాక కలుస్తోంది కాబట్టే సున్నా చేసినా తగ్గలేదు.

ఎర్త్ బిగించాక, బాక్సు వెనక కేబుల్ వైరు ఒక్కటీ పీకి చూడండి. మోత ఆగితే ఆ వైరు మీద గాల్వానిక్ ఐసొలేటర్ (టీవీ సిగ్నల్‌ని పోనిచ్చి ఈ కరెంటుని ఆపే చిన్న పరికరం) పెట్టండి. డిష్ వాళ్లకి మాత్రం ఇది పనికిరాదు, పైన డిష్ మీదుండే ఎల్ఎన్‌బీకి (సిగ్నల్ పట్టే పరికరానికి) డీసీ కరెంటు అదే వైరులో వెళ్లాలి. వాళ్లు బాక్సుని హెచ్‌డీఎమ్ఐతో టీవీకిచ్చి, టీవీ నుంచి రిసీవర్‌కి ఆప్టికల్ కేబుల్ ఒక్కటే వేసుకుంటే సరి. గాజు, ప్లాస్టిక్ తీగల్లో కరెంటు పారదు. ఆర్‌సీఏ మీద పెట్టే ఐసొలేషన్ ట్రాన్స్‌ఫార్మర్లు కూడా దొరుకుతాయి కానీ చవకవి లోతైన బేస్‌ని పాడుచేస్తాయి, సబ్‌వూఫర్‌కి నేనైతే వాడను.

ఆడియో కేబుళ్లన్నీ పీకేసినా మోత ఉంటే కథ వేరు. సాధారణంగా సబ్‌వూఫర్ లోపల కరెంటుని నిలకడగా ఉంచే ఫిల్టర్ కెపాసిటర్లు పోయుంటాయి. అప్పుడు వచ్చేది 50 కాదు, 100 హెర్ట్జ్ మోత.

నల్గొండ_శ్రోత:
ఎర్త్ బిగించి, కేబుల్ వైరు పీకి చూశానండీ. మోత లేదు. వైరు పెట్టగానే మళ్లీ వచ్చింది. ఐసొలేటర్‌కి ఆర్డరు పెడుతున్నా.

గోదారి_బాస్:
మీకు ఎర్తింగ్ ఉంది కాబట్టి సరిపోయింది. నాది అద్దె ఇల్లు, సాకెట్లో మూడో కన్నం ఉత్తుత్తిదే. ఓనర్ గోడ పగలగొట్టనివ్వడు. నాలాంటివాడు పాటలు మానుకోవాలా?

బెజవాడ_వైరింగ్:
మానక్కర్లేదండీ. మెయిన్ దగ్గర 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు దారి తప్పి కారితే వెంటనే సరఫరా ఆపే స్విచ్చు) పెట్టించమని ఓనర్‌ని అడగండి, దానికి గోడ పగలగొట్టే పనిలేదు. అది ఎర్త్‌కి బదులు కాదు, కానీ షాక్ కొట్టినప్పుడు ప్రాణం కాపాడే అవకాశం ఎక్కువ. ఇంకో మాట, ఎవరైనా సాకెట్లో న్యూట్రల్‌నీ ఎర్త్‌నీ చిన్న ముక్కతో కలిపేస్తానంటే ఒప్పుకోకండి. న్యూట్రల్ ఎక్కడ తెగినా బాడీ మొత్తం ఫేజు అయిపోతుంది.