టపా ఓడ ఖర్చు: ఉత్తరాల లెక్కనా, తలల లెక్కనా?

లిఫ్టుబాధితుడు:
మా అపార్టుమెంటులో గ్రౌండ్ ఫ్లోర్ వాళ్లు లిఫ్టు మెయింటెనెన్సు కట్టాలా వద్దా అన్న గొడవ మూడో నెలలో పడింది. దాని పుణ్యమా అని ఓ పాత పేచీ గుర్తొచ్చింది. 19వ శతాబ్దంలో ఇంగ్లండు నుంచి ఆస్ట్రేలియా కాలనీలకు (హౌసింగ్ బోర్డు కాలనీలు కావు, వలసరాజ్యాలు) టపా మోసే స్టీమర్లకు ఏటా సబ్సిడీ ఇస్తే గానీ నడిచేవి కావు. 1856లో యూరోపియన్ అండ్ ఆస్ట్రేలియన్ కంపెనీకి ఇచ్చిన కాంట్రాక్టు ఏడాదికి 1,85,000 పౌన్లు. సగం లండన్ ఖజానాది. మిగతా సగం కాలనీలది, అదీ ఎవరి ఉత్తరాలెన్నో చూసి ఆ దామాషాలో. 1888 నాటికి దాన్ని జనాభా లెక్కకు మార్చారు. నా ఓటు మొదటిదానికే. వాడుకున్నవాడు కట్టాలి. ఏమంటారు?

రేవుబావ:
అన్నా, పోలిక బాగుంది గానీ అసలు మెలిక వదిలేశారు. లిఫ్టు అన్ని అంతస్తుల్లోనూ ఆగుతుంది, టపా ఓడ ఆగదు. సూయజ్ నుంచి వచ్చిన పి అండ్ ఓ అనే ఇంగ్లీషు కంపెనీ ఓడ గాలె (సిలోన్ రేవు) దగ్గర ఆస్ట్రేలియా సంచులు దించేసి మన మద్రాసు మీదుగా కలకత్తా పోయేది. ఆ సంచులు ఇంకో ఓడెక్కి ఆల్బనీ (ఆస్ట్రేలియా నైరుతి మూల రేవు), మెల్‌బోర్న్, సిడ్నీ. బ్రిస్బేన్ (క్వీన్స్‌లాండ్ కాలనీ రాజధాని) వాడి ఉత్తరం ఎక్కడో దక్షిణాన దిగి, మళ్లీ వేరే ఓడలో వెనక్కి ఉత్తరానికి రావాలి. ఆ రెండో ఓడ ఖర్చు ఎవరి నెత్తిన? విసుగెత్తిన క్వీన్స్‌లాండ్ 1880లో ఆస్ట్రేలియాకు ఉత్తరాన ఉన్న టోరెస్ జలసంధి మీదుగా బ్రిటిష్ ఇండియా అనే స్టీమర్ల కంపెనీతో విడిగా కాంట్రాక్టు రాసుకుంది. ఏటా 55,000 పౌన్లు! జనం చూస్తే రెండు లక్షల పైచిలుకు. అంటే తలకు 5 షిల్లింగులు (పౌనుకు 20 షిల్లింగులు), ఒక్క ఉత్తరమూ రాయని చంటిపిల్లతో సహా.

లెక్కలమాస్టారు:
ఆ 55,000 మొత్తం టపా పద్దులో రాయకు బావా. వలసదారులు రావాలి, కుక్‌టౌన్, టౌన్స్‌విల్, రాక్‌హాంప్టన్ రేవులకు సరుకు చేరాలి, అందుకే అంత పోశారు. టపా ఒక సాకు.
లిఫ్టుబాధితుడు గారూ, ఉత్తరాల లెక్క అన్నారు. సంచుల్లో సగానికి పైగా బరువు వార్తాపత్రికలది. కొడుకు ఇంగ్లండు నుంచి పంపే పత్రికల కట్ట ఎవరి ఖాతాలో వేస్తారు?
1888 సంగతీ చూడండి. పి అండ్ ఓ, ఓరియంట్ కంపెనీలు వంతులవారీగా వారానికొక ఓడ నడపాలి. రెంటికీ కలిపి 1,70,000 పౌన్లు. ఇంగ్లండు 95,000, కాలనీలన్నీ కలిపి 75,000. అప్పటికి అక్కడి జనం సుమారు 30 లక్షలు. పౌనుకు 240 పెన్నీలు, భాగహారం చేస్తే తలకు 6 పెన్నీలు. అరౌన్సు ఉత్తరానికి స్టాంపు ఖరీదు కూడా 6 పెన్నీలే. మనిషికి ఏడాదికి ఒక్క స్టాంపు. దీనికి ఇంత రభసా?

మెల్‌బోర్న్‌మనవడు:
రభస ఉంది మాస్టారూ. తలల లెక్కలో ఎక్కువ కట్టేది మా విక్టోరియా, న్యూ సౌత్ వేల్స్. పడమటి ఆస్ట్రేలియాలో ఆనాడు మనుషులెంత? వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. అయినా ప్రతి ఓడా ముందు ఆల్బనీలోనే ఆగేది, బొగ్గు కోసం. చిల్లర కట్టి మొదటి సంచి వాళ్లు పట్టుకుపోయేవారు. 1900లో పెర్త్ పక్కనున్న ఫ్రీమాంటిల్ రేవుకు మారేదాకా అదే వరస. మా ముత్తాతలేమీ అక్కడ లేరు లెండి, నేనొచ్చి ఆరేళ్లు. ఉంటున్న ఊరి పక్షం!

రేవుబావ:
తమ్ముడూ, ఆల్బనీలో దిగిన సంచి పెర్త్‌కు ఎలా పోయేదో తెలుసా? రైలు వచ్చేదాకా గుర్రపు బండి మీద, అడవి దారిన. ‘మొదటి సంచి’ అని ఈర్ష్య పడకు.

లిఫ్టుబాధితుడు:
సరే, ఒక మెట్టు దిగుతాను. దూరం లెక్కలోకి రావాలి. నిజానికి లండనే 1870ల మొదట్లో ఆ దారి చూపించింది: గాలె, సింగపూరు, శాన్‌ఫ్రాన్సిస్కో దాకా మేం మోస్తాం, అక్కణ్ణుంచి మీ తిప్పలు మీవి. అందుకేగా న్యూజీలాండ్, న్యూ సౌత్ వేల్స్ కలిసి పసిఫిక్ మెయిల్ అనే అమెరికా ఓడల కంపెనీకి ఏటా 89,950 పౌన్లు ఒప్పుకున్నది. అదీ గొడవే అయింది. ఓడ న్యూజీలాండ్ ఉత్తరాన ఆక్లండ్‌లో ఆగుతుంది, దక్షిణాన డునెడిన్ వాళ్లకేమో మెల్‌బోర్న్ నుంచి బ్లఫ్ రేవుకు వచ్చే టపానే దగ్గర. ఒకే కాలనీ, ఒకే ఖజానా, అయినా దక్షిణాది వాళ్ల సణుగుడు ఆగలేదు.

లెక్కలమాస్టారు:
అంటే ఉత్తరాలు, తలలు కాక, దూరం కూడా కలిపి మూడు లెక్కలా? మీ అసోసియేషన్ వాళ్లకు చెప్పి చూడండి.

లిఫ్టుబాధితుడు:
ఆదివారం మీటింగు. మా పైనింటాయన నిన్న మెట్ల దగ్గర ఆపి, ‘తలకింతని వేసేద్దాం సార్, గొడవుండదు’ అన్నాడు. వాళ్లిద్దరే. మేం ఆరుగురం.