పెద్ద లక్ష్యాన్ని ముక్కలు చేసుకుంటే పని కదులుతుందా, ముక్కల్లోనే ఆగుతుందా?

నిలకడ: నా ఓటు ముక్కలకే. 1981లో బందూరా, షంక్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు లెక్కల్లో వెనకబడ్డ పిల్లలకు తీసివేతలు ఇచ్చారు. మొత్తం 42 పేజీలు, 7 విడతలు. కొందరిని విడతకు 6 పేజీలు చెయ్యమన్నారు, ఇంకొందరిని చివరికల్లా 42 పూర్తి చెయ్యమన్నారు. లెక్క ఒకటే! అయినా ఆరేసి పేజీల పిల్లలే బాగా నేర్చుకున్నారు, లెక్కల మీద ఇష్టమూ వాళ్లకే పెరిగింది. ఇంకా వాదన దేనికి?

ఎదురీత: ఆ పేజీలు పంచింది పెద్దవాళ్లండీ. మన పని మనమే పంచుకోవాలి, తంటా అంతా అక్కడే. అదే 1981లో కిర్షెన్‌బామ్ బృందం కాలేజీ విద్యార్థులను గమనిస్తే, రోజువారీ ప్లాన్ వేసుకున్నవాళ్ల కన్నా నెలవారీ ప్లాన్ వాళ్లే చదువులో మెరుగ్గా ఉన్నారు. నాకైతే ఆశ్చర్యం లేదు. మంగళవారం జ్వరమొస్తే రోజు ప్లాన్ తప్పుతుంది, బుధవారానికి బాకీ రెట్టింపు, గురువారం ఆ కాగితం చూడాలన్నా టెన్షన్. నెల ప్లాన్‌లో ఆ జ్వరం కనపడను కూడా కనపడదు. పైగా రంగురంగుల టేబుల్ గీసుకోవడమే పనిగా పెట్టుకునేవాళ్లూ ఉన్నారు (మిమ్మల్ని కాదు).

నిలకడ: నన్నే అన్నారు, తెలుస్తూనే ఉంది. కానీ నెల కూడా ముక్కే కదా? మీ గొడవ ముక్క సైజుతోనే.

ఎదురీత: సగం ఒప్పుకుంటా.

మధ్యదారి: మైలురాయి దాటాక ఏమవుతుందో ఇద్దరూ వదిలేశారు. కివెట్జ్ బృందం 2006లో ప్రచురించిన పరిశోధన ఉంది. పది కాఫీలు కొంటే ఒకటి ఉచితమనే కార్డు ఇస్తే, కార్డు నిండే కొద్దీ జనం త్వరత్వరగా కొన్నారు. ఉచిత కాఫీ అందాక, కొత్త కార్డు మొదట్లో మళ్లీ నెమ్మదించారు. అంటే ప్రతి ముక్క చివర ఒక ఊపు, దాని వెనకే ఒక జారుడు. ముక్కలు పెరిగితే జారుళ్లూ పెరుగుతాయి. అందుకే నేను చేతకాని పనిని చిన్న ముక్కలు చేస్తాను, చేయి తిరిగిన పనిని పెద్ద ముక్కలుగానే ఉంచుతాను. ఏ ముక్క అయినా, అది ముగిసిన పూటే తర్వాతిదాన్ని కాస్త మొదలుపెట్టి లేస్తాను.

ఎదురీత: అధ్యాయం పూర్తయిన రోజు కూడా ఇంకో పేజీ తెరవమంటారా? అప్పుడిక అది మైలురాయి ఎలా అవుతుందండీ?

మధ్యదారి: ఒక్క వాక్యం రాయండి చాలు. తర్వాత సినిమాకే వెళ్తారో, నిద్రే పోతారో మీ ఇష్టం.

నిలకడ: ఇది నా టేబుల్‌లో కొత్త గడి అవుతుంది. రంగు ఏది వెయ్యను?